4 సెంటీమీటర్ల మనిషికి ఫొటో తీయడం

టేబుల్ మీద లెగో (ప్లాస్టిక్ ఇటుకల ఆటసామాను) మనిషి బొమ్మను నిలబెట్టి, కుర్చీలోంచి లేవకుండానే ఫోన్ కిందికి వంచి ఒక ఫొటో నొక్కామనుకోండి. వచ్చేదేమిటి? వాడేసిన సామాను అమ్మకానికి పెట్టేవాళ్లు తీసే ఫొటో. బొమ్మ కనపడుతుంది, రంగు కనపడుతుంది, చెయ్యి విరగలేదన్న సంగతీ తెలుస్తుంది, అంతకుమించి ఏం ఉండదు. నా మొదటి వంద ఫొటోలు ఇలాంటివే. తర్వాత ఎప్పుడో ఇంకెవరో తీసిన ఫొటో ఒకటి చూస్తాం. అదే బొమ్మ, అదే పసుప్పచ్చ మొహం, కానీ వానలో తడుస్తూ ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉంటుంది, చూస్తే మనకే ఏదోలా అయిపోతుంది. వెంటనే బుర్రలోకి వచ్చే మాట, వాళ్ల దగ్గర మంచి కెమెరా ఉండి ఉంటుందిలే అని. నేనూ అలాగే అనుకుని లెన్సు కొన్నాను. కొత్త లెన్సుతో అదే అమ్మకపు ఫొటో ఇంకాస్త స్పష్టంగా వచ్చింది.

తేడా ఎక్కడుందో అర్థం కావడానికి నాకు చాలాకాలమే పట్టింది. ఫొటోలో కొలబద్ద ఉండదు. తెర మీద కనిపిస్తున్నది 4 సెంటీమీటర్లదా, 6 అడుగులదా అని చెప్పే గుర్తు విడిగా ఎక్కడా ఉండదు, చూసేవాళ్ల బుర్రే చుట్టుపక్కల ఆధారాలు ఏరుకుని ఒక లెక్కకి వస్తుంది: వెనకాల ఎంత మసగ్గా ఉంది, నీడ అంచు పదునుగా ఉందా మెత్తగా ఉందా, ఇసుక రేణువు ఎంత లావుంది, చూస్తున్న కన్ను ఏ ఎత్తులో ఉంది. ఇదంతా అర సెకనులో, మనకి తెలియకుండానే జరిగిపోతుంది. బొమ్మల ఫొటోల్లో ఈ ఆధారాలన్నీ తీసేవాళ్ల చేతిలోనే ఉంటాయి. లెన్సులు, లైట్లు, ఎడిటింగ్ అన్నీ వీటిని మార్చడానికి పనికొచ్చే సామాన్లు, అంతే.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, చిన్నదనాన్ని పూర్తిగా దాచేయడం. అమెరికాకు చెందిన మైకేల్ పాల్ స్మిత్ 1:24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) లోహపు కార్లను, తాను చేసిన చిన్న చిన్న ఇళ్లను ఒక మడత బల్ల మీద పేర్చి, ఆ బల్లను ఆరుబయట నిజమైన ఇళ్లకీ చెట్లకీ ఎదురుగా పెట్టి, ఎల్గిన్ పార్క్ అనే లేని ఊరిని ఫొటోల్లో కట్టాడు. వాడినవి మామూలు చిన్న డిజిటల్ కెమెరాలు. చూసినవాళ్లు పాత ఆల్బమ్ ఫొటోలేమో అనుకునేవాళ్లు. లెక్క సులువే: 1:24 కారు లెన్సుకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 12 మీటర్ల దూరంలో ఉన్న నిజం కారంత కనపడుతుంది, కాబట్టి పదిహేనో ఇరవయ్యో మీటర్ల అవతల ఉన్న నిజం ఇల్లు దాని వెనక చక్కగా ఇమిడిపోతుంది.

రెండోది, చిన్నదనాన్నే విషయం చేయడం. జపాన్‌కు చెందిన తత్సుయా తనాకా 2011 ఏప్రిల్ నుంచి రోజుకో ఫొటో పెడుతున్నాడు, బ్రోకలీ చెట్టవుతుంది, దాని నీడలో చిన్న చిన్న మనుషులు సేదతీరుతుంటారు. అక్కడ అది బ్రోకలీ అని మనకి తెలియాలి, తెలిస్తేనే సరదా. బ్రిటన్ కళాకారుడు స్లింకాచు 2006 నుంచి మోడల్ రైళ్ల పక్కన పెట్టే బుల్లి మనుషుల్ని వీధుల్లో పెట్టి, ఒక ఫొటో దగ్గర నుంచీ ఇంకొకటి దూరం నుంచీ తీస్తాడు. మొదటిదాంట్లో కథ, రెండోదాంట్లో ఆ మనిషి ఎంత చిన్నవాడో, వీధి ఎంత పెద్దదో.

రెండు దారులూ బాగుంటాయి. ఇబ్బందల్లా మధ్యలో ఇరుక్కున్న ఫొటోలతోనే. యోధుడు కత్తి దూసి నిలబడి ఉంటాడు, వెనకాల టీవీ రిమోట్ సగం కనపడుతుంటుంది. అందుకే షట్టర్ నొక్కే ముందు నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఇది బొమ్మ అని తెలియాలా, వద్దా? దాన్ని బట్టే మిగతా నిర్ణయాలన్నీ మారిపోతాయి.

కన్ను ఎక్కడ పెట్టాలి

లెగో మినీఫిగర్, అంటే ఈ మనిషి బొమ్మ, ఇప్పుడున్న రూపంలో వచ్చింది 1978లో, ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. దాని కళ్లు నేల నుంచి మూడున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. మన లెన్సు కూడా అక్కడికి దిగాలి. మోకాళ్ల మీద కూర్చుంటే చాలదు, చెంప నేలకి ఆనాలి. ఫోన్ అయితే తలకిందులుగా పట్టుకోండి, మామూలుగా కెమెరా ఫోన్ పైభాగంలో ఉంటుంది కాబట్టి తిప్పితే లెన్సు నేలకి ఒక సెంటీమీటరు దాకా దిగుతుంది. అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చే చిట్కా ఇదొక్కటే, పైసా ఖర్చు లేదు. లెన్సు ఏ ఎత్తులో ఉంటే నేలా ఆకాశం కలిసే గీత ఫొటోలో ఆ ఎత్తులోనే పడుతుంది. బొమ్మ కళ్ల దగ్గర పడితే మనం దాని పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు, మోకాళ్ల దగ్గర పడితే అది రాక్షసుడిలా, నెత్తికి చాలా పైన పడితే మనం ఆకాశంలోంచి చూస్తున్నట్టు.

ఎత్తు సరే, దూరం సంగతి చాలామంది పట్టించుకోరు. 170 సెంటీమీటర్ల మనిషిని 4 సెంటీమీటర్లకి కుదిస్తే స్కేలు సుమారు 1:42. అంటే ఒక మనిషికి 3 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే కనిపించే చూపు కావాలంటే, లెన్సు బొమ్మకి 7 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. మనం హాయిగా ఒక మీటరు వెనక్కి వెళ్లి జూమ్ చేశామనుకోండి, అది 42 మీటర్ల అవతల నుంచి బైనాక్యులర్‌లో చూసినట్టు, ముందున్నదీ వెనకున్నదీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. వైడ్ లెన్సు (ఎక్కువ వెడల్పు పట్టేది) ముక్కును పెద్దది చేస్తుంది, టెలీ లెన్సు (దూరాన్ని దగ్గరికి లాగేది) లోతును నొక్కేస్తుంది అని మనం లెన్సుల మీద నెపం వేస్తుంటాం గానీ, నిజానికి ఆ పని చేసేది దూరం. లెన్సు చేసేదల్లా ఫ్రేములో ఎంత పట్టాలో కత్తిరించడమే. కాబట్టి బొమ్మ ఆ లోకంలో మనిషిలా కనపడాలంటే దగ్గరికి వెళ్లండి. (మినీఫిగర్ తల పెద్దది, కాళ్లు పొట్టి, అడ్డంగా కొలిస్తే స్కేలు వేరే వస్తుంది, అందుకే 42 అన్నది పెద్ద ఖచ్చితమైన అంకె కాదు, కానీ ఆలోచించడానికి సరిపోతుంది.)

దగ్గరికి వెళ్లగానే ఫోన్ ఒక పని చేస్తుంది, మనకి చెప్పదు. చాలా కొత్త ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సార్ (వెలుగును పట్టే చిప్పు) పెద్దది, అది 15, 20 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని ఫోకస్ చేయలేదు, అందుకని ఫోన్ తనంతట తానే అల్ట్రావైడ్ కెమెరాకి మారిపోయి దాన్ని మాక్రో (అతి దగ్గరి ఫొటో) అంటుంది. ఆ మారిన క్షణంలో ఫ్రేము చిన్నగా కుదిపినట్టు కదులుతుంది, గమనించండి. అల్ట్రావైడ్‌తో రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, బొమ్మల మధ్య నిలబడిన చూపు వస్తుంది, చీకటిలో మాత్రం గరుకుగా వస్తుంది. ఏది కావాలో సెట్టింగుల్లో మీరే ఎంచుకోండి, ఫోన్‌కి వదిలేస్తే ఒక్కో ఫొటో ఒక్కోలా వస్తుంది.

మసక అనే చాడీకోరు

అసలు చిక్కు ఇక్కడుంది, కాస్త నిదానంగా చూద్దాం.

ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాతో, బొమ్మ ఫ్రేములో సగం ఎత్తు ఉండేలా తీశారనుకోండి. ఎఫ్ పక్కన ఉండే అంకె లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ రంధ్రం మూసుకుని లోతు పెరుగుతుంది. ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఎఫ్/8 దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు. ఎఫ్/16 దగ్గర 14. లెగో ఇటుక మీద బుడిపెకీ బుడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, అంటే ఎఫ్/8లో కూడా ఒక్క బుడిపె వరసంత లోతు లేదు, మొహం స్పష్టంగా ఉంటే చాచిన చెయ్యి మసకవుతుంది. అదే కెమెరాతో, అదే ఎఫ్/8తో నిజం మనిషిని ఫ్రేములో సగం ఎత్తు ఉండేలా తీస్తే ఆయన ముందు కొన్ని మీటర్లు, వెనక ఇంకా చాలా మీటర్లు స్పష్టంగా ఉంటాయి. మన కళ్లు జీవితమంతా ఇలాంటి ఫొటోలు చూసి అలవాటుపడ్డాయి. అందుకే ముక్కు స్పష్టంగా, చెవి మసగ్గా కనిపించగానే బుర్ర తీర్పు చెప్పేస్తుంది, ఇది చాలా దగ్గరున్న చాలా చిన్న వస్తువు అని. నిజం ఊరిని ఎత్తు మీద నుంచి తీసి పైనా కిందా మసక పూస్తే బొమ్మల ఊరిలా కనిపించే ట్రిక్కు ఉంది చూడండి, అది ఈ తీర్పునే తలకిందులు చేసి వాడుకుంటుంది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 'వెనకాల మసగ్గా ఉంటే ప్రొఫెషనల్‌గా ఉంటుంది' అని పోర్ట్రెయిట్ ఫొటోల నుంచి నేర్చుకున్న మాట తెచ్చి ఇక్కడ వాడితే ఫొటో ఎదురు తిరుగుతుంది. బొమ్మల దగ్గర మసక ఉచితంగా వస్తుంది, లోతు కోసమే కష్టపడాలి. అందుకే ఫోన్ ఈ పనికి పెద్ద కెమెరా కంటే అక్కరకొస్తుంది, నమ్మబుద్ధి కాకపోయినా. ఫోన్ సెన్సార్ చిన్నది కాబట్టి దాని మీద ఎఫ్/1.8 అని రాసి ఉన్నా, లోతు విషయంలో ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/7, ఎఫ్/8 ఇచ్చినంత ఇస్తుంది, సెన్సార్ ఇంకా చిన్నదైతే ఇంకా ఎక్కువ. ఎల్గిన్ పార్క్ ఫొటోలు చవక కెమెరాతో అంత బాగా రావడానికి ఇదొక కారణం. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఆన్ చేసి ఈ లాభాన్ని మీ చేతులతో మీరే పారబోసుకోకండి, పైగా ఆ మోడ్ బొమ్మ చేతి పంజా మధ్య ఖాళీని ఎప్పుడూ సరిగా గుర్తుపట్టలేదు.

పెద్ద కెమెరా వాళ్లకి దారులున్నాయి. ఎఫ్/11 దాకా మూయొచ్చు, ఎఫ్/16 దాటితే కాంతి అంచుల దగ్గర చెదిరి మొత్తం ఫొటో మెత్తబడిపోతుంది. ఫోకస్ స్టాకింగ్ ఉంది, ట్రైపాడ్ కదలకుండా, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పదో ఇరవయ్యో ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపడం. మూడోది నాకిష్టమైంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు: పాత్రలన్నిటినీ లెన్సుకి సమాంతరంగా ఒకే గీత మీద నిలబెట్టండి. ఇద్దరు పోట్లాడుకుంటున్నారంటే ఒకరు ముందు, ఒకరు వెనక కాకుండా పక్కపక్కన, వాళ్ల నాలుగు కళ్లూ ఒకే తలంలో. ఉన్న 7 మిల్లీమీటర్లలోనే కథంతా నడిచిపోతుంది.

స్టాకింగ్‌తో ఒక హెచ్చరిక, నా అనుభవంలోంచి. ముందున్న గడ్డిపరక నుంచి వెనకున్న కొండ దాకా అన్నీ ఒకే పదునుతో కలిపితే ఫొటో కేటలాగు పేజీలా తయారవుతుంది. బొమ్మ మొత్తం, దాని కాళ్ల కింద నేల కొంత, అంతవరకూ కలిపి మిగతాది వదిలేస్తే చాలు.

పూర్తిగా వ్యతిరేక దారిలో నడిచిన ఆయనా ఉన్నాడు. డేవిడ్ లెవింథాల్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1970ల నుంచీ బొమ్మ సైనికుల్ని తీస్తున్నాడు, మసకని దాచకుండా ఇంకా పెంచాడు. ఎంత పెంచాడంటే ప్లాస్టిక్ అచ్చు గీతలు, రంగు పెచ్చులు, బొమ్మ అని పట్టించే వివరాలన్నీ అందులో కరిగిపోతాయి, మిగిలేది యుద్ధంలో ఎవరో పరుగెడుతూ తీసిన ఫొటోలా ఉంటుంది. మసక కొంచెం ఉంటే చాడీ చెబుతుంది, మరీ ఎక్కువైతే సాక్ష్యాలన్నీ మింగేస్తుంది.

సూర్యుణ్ణి కుదించడం

వెలుగు విషయంలో నాకు కళ్లు తెరిపించిన అంకె ఒకటుంది: అర డిగ్రీ. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటాడు. నీడ అంచు ఎంత పదునుగా ఉంటుందన్నది దీపం ఎంత పెద్దదన్న దాని మీద కాకుండా, వస్తువు దగ్గర నుంచి చూస్తే ఎంత వెడల్పుగా కనపడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. టేబుల్ ల్యాంపు తెచ్చి బొమ్మకి జానెడు దూరంలో పెట్టారంటే, ఆ బొమ్మకి అది సగం ఆకాశాన్ని ఆక్రమించిన సూర్యుడు. నీడలు మెత్తగా, ఎటూ కాకుండా వస్తాయి, 'టేబుల్ మీద తీశారు' అని ఫొటో చెప్పేస్తుంది. అర మీటరు దూరంలో సూర్యుడిలా కనిపించాలంటే దీపం నాలుగైదు మిల్లీమీటర్లే ఉండాలి, ఒక మీటరు దూరంలో అయితే 9 మిల్లీమీటర్లు. అంటే ఇంకో ఫోన్ టార్చిని దూరంగా పెడితే చాలు, మధ్యాహ్నపు ఎండ వచ్చేస్తుంది. ఎండలోకి తీసుకెళ్లినా వస్తుందనుకోండి, కానీ ఈ సూర్యుణ్ణి ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

దూరంగా పెట్టడానికి ఇంకో కారణం. వెలుగు దూరం పెరిగేకొద్దీ వర్గం చొప్పున తగ్గుతుంది. దీపం 10 సెంటీమీటర్లలో ఉంటే, బొమ్మ వెనక ఇంకో 10 సెంటీమీటర్లలో ఉన్న గోడకి నాలుగో వంతు వెలుగే చేరుతుంది. అసలు లోకంలో సూర్యుడు మనిషికి ఒక వెలుగు, వెనక గోడకి నాలుగో వంతు ఇవ్వడు కదా. అదే దీపాన్ని మీటరు దూరం జరిపితే తేడా ఐదో వంతు కూడా ఉండదు. రాత్రి దృశ్యాలకి మాత్రం ఈ లెక్క తిరగేయండి, వీధి దీపం, కొవ్వొత్తి, గుహలో మంట, వీటన్నిటికీ వెలుగు దగ్గరే ఉండి త్వరగా చచ్చిపోవాలి.

మబ్బు పట్టిన రోజు కావాలంటే కిటికీ చాలు. మీటరు వెడల్పు కిటికీ బొమ్మకి మొత్తం ఆకాశం. కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల కాగితం నిలబెడితే చీకటి వైపు కూడా మొహం కనపడుతుంది.

ప్లాస్టిక్ మెరుపు ఇంకో తలనొప్పి. లెగో ఇటుకలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, నున్నగా మెరుస్తుంది, దీపం ప్రతిబింబం నుదుటి మీద తెల్ల మచ్చలా కూర్చుంటుంది. ఆ మచ్చ ఆకారం చూసి కూడా బుర్ర సైజు పసిగడుతుంది. దీపానికీ బొమ్మకీ మధ్య బటర్ పేపర్ లాంటిది పెడితే మచ్చ వ్యాపించి మెత్తబడుతుంది. పోలరైజర్ ఫిల్టర్ (మెరుపును అడ్డుకోవడానికి లెన్సు ముందు బిగించే గాజు) తిప్పితే కొన్ని కోణాల్లో మెరుపు దాదాపు మాయమవుతుంది, తలానికి నిలువుగా గీసిన గీత నుంచి 57 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కానీ పూర్తిగా తీసేయకండి, బొమ్మ రబ్బరులా చచ్చుగా కనపడుతుంది.

నల్ల ఇటుకలతో కట్టిన మోడల్ సంగతి ఈ వరసలోనే చెప్పాలి. నలుపుకి ఎంత వెలుగు పోసినా నలుపే, వెలుగు పెంచితే వెనకున్నది తెల్లబోతుంది తప్ప మోడల్ ఆకారం తేలదు. నల్లటి మెరిసే వస్తువు తన చుట్టూ ఉన్నదాని ప్రతిబింబంతోనే కనపడుతుంది, కాబట్టి పక్కన తెల్ల అట్ట పెట్టి, దాని ప్రతిబింబం ఇటుక అంచుల వెంట గీతలా పడేలా జరుపుతూ వెళ్లండి. పారదర్శకంగా ఉండే ముక్కలకి వెనక నుంచి వెలుగు. మోడల్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు చూపించడమే పనైతే దూరం వెళ్లి జూమ్ చేయడమే మంచిది, గోడలు వంకరపోవు. అక్కడ పైన చెప్పిన కథలేవీ అక్కర్లేదు.

కుదించలేనివి

మనిషిని 42 రెట్లు కుదించొచ్చు గానీ నీటిని కుదించలేం. 3 మిల్లీమీటర్ల నీటి చుక్క బొమ్మ భుజం మీద నిలబడితే, ఆ లోకంలో అది 12 సెంటీమీటర్లు దాటుతుంది, పిడికిలి కంటే పెద్ద చుక్క. వాన దృశ్యం అనుకుని తీసినది జెల్లీ దాడిలా కనపడుతుంది. వీలైనంత సన్నటి తుంపర వచ్చే స్ప్రే వాడాలి, నీళ్లలో కొంచెం గ్లిజరిన్ కలిపితే చుక్కలు జారకుండా ఆరకుండా ఉంటాయి. అలలు ఇంకా కష్టం, సుమారు 1.7 సెంటీమీటర్ల కంటే పొట్టి అలలను నడిపేది గురుత్వాకర్షణ కంటే ఎక్కువగా నీటి తలతన్యత, అందుకే పళ్లెంలో ఎంత ఊపినా సముద్రం రాదు. నలిపిన పల్చటి ప్లాస్టిక్ షీటు, పైన జుట్టుకి రాసే పారదర్శక జెల్, వెనక నుంచి వెలుగు, ఇవి నిజం నీళ్ల కంటే నిజంగా ఉంటాయి.

ఇసుకలో అర మిల్లీమీటరు రేణువు బొమ్మకి 2 సెంటీమీటర్ల కంకర. ఎడారి కావాలంటే ఇసుక వద్దు, ఇంకా మెత్తటి పొడి కావాలి. మంచుకి పిండి, తినే సోడా బాగా పనిచేస్తాయి. ఫిన్లండ్ ఫొటోగ్రాఫర్ వేసా లేహ్తిమాకి మంచులో తీసిన లెగో ఫొటోలు చూస్తే ఎగిరే పొడి ఎంత పని చేయగలదో తెలుస్తుంది. గడ్డి మాత్రం వరం. 4 సెంటీమీటర్ల పరక బొమ్మకి నిలువెత్తు పొద, నాచు చూస్తే దట్టమైన అడవి.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అసలు లోకంలో దూరంగా ఉన్న కొండ పాలిపోయి కనపడుతుంది, మధ్యలో ఉన్న గాలీ ధూళీ వల్ల. మన సెట్టులో కొండకీ బొమ్మకీ మధ్య 20 సెంటీమీటర్లే, గాలి ఏం చేయలేదు, కొండ బొమ్మంత కాంతిగానే నిలబడి గుట్టు బయటపెడుతుంది. కొంచెం పొగ వదిలి అది పల్చగా పరుచుకునేదాకా ఆగండి. దారాల్లా మెలికలు తిరుగుతున్నప్పుడు తీయకండి, ఆ సన్నటి మెలికలు చిన్న పొగవే అని ఎవరికైనా తెలుస్తుంది. పొగ వద్దనుకుంటే కొండ ముందు ఒక ట్రేసింగ్ కాగితం నిలబెట్టినా అదే పని జరుగుతుంది, మొదటిసారి చేసినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది.

వీడియో తీసేవాళ్లకి ఒక లెక్క. పడే వేగాన్ని కూడా కుదించలేం, 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడటానికి 0.09 సెకన్లు, 170 సెంటీమీటర్ల నుంచి పడటానికి 0.59. ఆరున్నర రెట్లు తేడా, అంటే 42కి వర్గమూలం. సెకనుకి 240 ఫ్రేములతో తీసి 30 ఫ్రేములతో ఆడిస్తే 8 రెట్లు నెమ్మది అవుతుంది, అవసరమైనదానికి దగ్గరే. కూలే గోడకి బరువొస్తుంది.

మెడ ఎత్తలేని నటుడు

మినీఫిగర్‌కి కదిలే చోట్లు ఏడు: తల, రెండు భుజాలు, రెండు మణికట్లు, రెండు కాళ్లు. మోచెయ్యి లేదు, మోకాలు లేదు. తల పక్కలకి తిరుగుతుంది గానీ పైకి చూడలేదు, కిందికి వంగలేదు. ఇంత తక్కువ పెట్టుబడితో నటింపజేయాలి.

మొట్టమొదట చేయాల్సింది నిటారుగా నిలబెట్టకపోవడం. అందరూ రెండు కాళ్లూ కలిపి సైనికుల్లా నిలబెడతారు, అక్కడే ప్రాణం పోతుంది. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి, ఒంటిని మొత్తంగా ఐదారు డిగ్రీలు ముందుకి వాల్చి వెనక పాదం కింద జిగురు ముద్ద చిన్నది పెట్టండి, నడుస్తాడు. ఆకాశం వైపు చూడాలంటే మెడ లేవదు కాబట్టి బొమ్మనే వెనక్కి వాల్చి, పాదాలు రాయి వెనకో గడ్డి వెనకో దాచాలి. తల ఒక వైపు, ఒళ్లు ఇంకో వైపు తిప్పితే ఏదో శబ్దం విని ఆగినట్టు ఉంటుంది. పట్టుకున్న వస్తువు చేతులు ఎటు తిప్పితే అటు కథ మార్చేస్తుంది, భిక్ష అడిగే చెయ్యీ బెదిరించే చెయ్యీ మధ్య తేడా మణికట్టు ఒక్క తిప్పు.

మొహాల గురించి నాకో మొండి అభిప్రాయం ఉంది. 1978లో అందరికీ ఒకటే మొహం, రెండు చుక్కలు, ఒక చిరునవ్వు. 1989లో సముద్రపు దొంగల సెట్లతో రకరకాల మొహాలు మొదలయ్యాయి, ఇప్పుడు తల వెనక ఇంకో మొహం కూడా అచ్చు వేసి ఇస్తున్నారు, తిప్పితే కోపం. కోపం దృశ్యానికి కోపం మొహం పెట్టడం నాకు అరిచి చెప్పినట్టు ఉంటుంది. పాత చిరునవ్వు మొహాన్నే ఖాళీ రోడ్డు చివర, ఒక పెట్టె పక్కన, సాయంత్రం వెలుగులో నిలబెట్టండి, ఆ నవ్వులో మీరు వెతుక్కోనిది కూడా కనపడుతుంది. చాలా కొత్త మొహాల్లో కంటిపాపలో తెల్ల చుక్క ఒకటి అచ్చు వేసి ఉంటుంది, కంట్లో పడిన వెలుగులాగ. వెలుగు కూడా ఆ చుక్క ఉన్న వైపు నుంచే వస్తే కళ్లు బతికున్నట్టు ఉంటాయి, ఎదురు వైపు నుంచి వస్తే ఏదో తేడాగా ఉంటుంది, ఎందుకో చెప్పలేం.

గాల్లో ఎగిరే ఫొటోలకి పెద్ద రహస్యమేం లేదు. తీగో, పారదర్శక ముక్కలో ఆసరాగా పెట్టి ఒక ఫొటో తీస్తారు. తర్వాత బొమ్మనీ ఆసరానీ తీసేసి, ట్రైపాడ్‌ని తాకకుండా, ఫోకస్ మార్చకుండా, ఖాళీ దృశ్యాన్ని ఇంకొకటి తీస్తారు. మొదటిదాంట్లో ఆసరా ఉన్న చోట రెండోదాన్ని అతికిస్తే అయిపోతుంది. ఖాళీ ఫొటో తీయడం మర్చిపోతే తర్వాత గంటసేపు తీగ చెరుపుతూ కూర్చోవాలి, తొందరలో నాకిది ఎన్నిసార్లు జరిగిందో. వెనకాల ట్యాబ్లెట్ తెర పెట్టి ఆకాశం చూపించేవాళ్లు తెరని ఒక జానెడైనా వెనక్కి జరపాలి, ఫోకస్‌లో పడితే తెర చుక్కలు అలలు అలలుగా కనపడతాయి.

దుమ్ము. ఇదొక్కటి నేర్చుకోకపోతే పైన చెప్పినవన్నీ వృథా. కంటికి కనపడని నూలుపోగు ఫొటోలో బొమ్మ మెడకి చుట్టుకున్న తాడు. వేలిముద్ర ఛాతీ అంతా ఉంటుంది. మెత్తటి బ్రష్షు, రబ్బరు బుడ్డితో గాలి ఊదే బ్లోయర్ పక్కనే పెట్టుకోండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. సెట్టు అంతా అయ్యాక ఒక ఫొటో తీసి, తెర మీద నూటికి నూరు పాళ్లు పెద్దది చేసి, మూల మూలా చూసి, అప్పుడు అసలు ఫొటో తీయండి.

బయట తీసి వచ్చాక బొమ్మల్ని కడగాలి, ఇసుక కీళ్లలో చేరితే కాలు కదిపినప్పుడల్లా కరకరమంటుంది, గీతలు పడతాయి. నీళ్లు 40 డిగ్రీల వేడి దాటకూడదని లెగో వాళ్లే చెబుతారు. స్టిక్కర్లు ఉన్న ముక్కలు నానబెట్టకండి. ఎండలో వదిలేయకండి, తెలుపు పసుపవుతుంది. వెళ్లేముందు, వచ్చేముందు ముక్కలు లెక్కపెట్టుకోండి, ముఖ్యంగా టోపీలు, జుట్లు. గడ్డిలో పడిన గోధుమరంగు జుట్టు కోసం నేను చీకటిపడే దాకా వెతికాను, దొరకలేదు. వాడు ఇప్పటికీ నెత్తి మీద బుడిపెతోనే నటిస్తున్నాడు.